ఈమెయిల్ న్యూస్‌లెటర్: స్వతంత్ర రచయితకు చందాల ఆదాయం

11.0 ఈ భాగం గురించి

గత భాగంలో పత్రికలకు, పోర్టల్‌లకు విడిగా వ్యాసాలు అమ్ముకునే రచయిత ఆదాయం ఎలా ఉంటుందో తెలుసుకున్నారు. వ్యాసానికి ఎంత ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో, అసలు అచ్చు వేయాలో వద్దో అక్కడ నిర్ణయించేది సంపాదకుడు. ఈ భాగంలో రచయితకు, పాఠకుడికి మధ్య ఎవరూ లేని పద్ధతిని పరిశీలిస్తాం. రచయిత తనే రాసి, ఈమెయిల్‌లో తనే పంపి, తనే చందా వసూలు చేసుకుంటాడు. దీనినే న్యూస్‌లెటర్ అంటున్నాం. ఈ భాగం చదివాక ఇలాంటి లేఖకు పాఠకులు డబ్బు ఎందుకు కడతారో, ఎంతమంది కడితే రచయితకు జీవనం గడుస్తుందో, మన దేశంలో చందా వసూలులో ఉన్న చిక్కులేమిటో మీరు వివరించగలుగుతారు. మీ సొంత లేఖకు లెక్క వేసుకోగలుగుతారు. ఆ లెక్క చూశాక ఇది మీకు తగిన పని కాదనిపిస్తే, అది తెలుసుకోవడం కూడా ఈ పాఠం వల్ల కలిగిన లాభమే.

11.1 చందా కొత్త విషయం కాదు

న్యూస్‌లెటర్ అనగానే ఇంటర్నెట్‌తో పుట్టిన వ్యాపారం అనుకుంటాం. నిజానికి ఒకే మనిషి రాసి, చందాదారులకు నేరుగా పంపే పత్రికలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఈ విషయంలో మీరు తప్పక తెలుసుకోవలసిన ఉదాహరణ అమెరికన్ పత్రికా రచయిత ఐ. ఎఫ్. స్టోన్.

1952 చివర స్టోన్ పనిచేస్తున్న న్యూయార్క్ దినపత్రిక మూతపడింది. అది మెకార్థీ కాలం. వామపక్ష భావాలున్న రచయితకు పెద్ద పత్రికల్లో ఉద్యోగం దొరికే పరిస్థితి లేదు. అప్పటికి ఆయన వయసు 45. ఉద్యోగం ఇచ్చేవారు లేకపోవడంతో 1953 జనవరిలో వాషింగ్టన్ నుంచి నాలుగు పేజీల వారపత్రిక మొదలుపెట్టాడు. పేరు 'ఐ. ఎఫ్. స్టోన్స్ వీక్లీ'. సంవత్సర చందా 5 డాలర్లు. రాయడం, సంపాదకత్వం ఆయనవి. చందాల లెక్కలు, కార్యాలయ వ్యవహారం భార్య ఎస్తర్ చూసుకునేది. సుమారు 5,300 మంది చందాదారులతో మొదలైన పత్రిక, 1971లో ఆయన ఆపేసే నాటికి సుమారు 70,000 చందాలకు చేరింది.

ఆ మొదటి 5,300 మంది ఎక్కడి నుంచి వచ్చారు? మన పాఠానికి ఈ ప్రశ్నే ముఖ్యం. స్టోన్ వీధిన పడి చందాలు అడగలేదు. తాను అంతకు ముందు పనిచేసి మూతపడిన పత్రికల చందాదారుల చిరునామాలు, కొరియా యుద్ధం మీద తాను రాసిన పుస్తకం కొన్నవారి చిరునామాలు సేకరించి, వారికి ఉత్తరాలు రాశాడు. అంటే తన రాతను అప్పటికే డబ్బిచ్చి చదివినవారినే అడిగాడు. ఇప్పుడు 'ఈమెయిల్ జాబితా' అని మనం పిలుస్తున్నది 1953లో కాగితం మీద ఉన్న ఆ చిరునామాల జాబితానే.

ఆయన ఏం రాసేవాడో కూడా చూడాలి. వినికిడి తక్కువ కావడం వల్ల, పెద్దల పరిచయాలు లేకపోవడం వల్ల ఆయన విలేకరుల సమావేశాల మీద ఆధారపడలేదు. ప్రభుత్వ నివేదికలు, కాంగ్రెస్ విచారణల ప్రతులు ఓపికగా చదివేవాడు. 1957లో నెవాడాలో జరిపిన భూగర్భ అణుపరీక్షను 200 మైళ్లకు మించిన దూరంలో గుర్తించలేకపోయారని అమెరికా అణుశక్తి సంఘం చెప్పింది. స్టోన్ ప్రభుత్వంలోనే ఉన్న భూకంప పరిశీలన విభాగాన్ని అడిగి చూస్తే, ఆ ప్రకంపనలు దూరాన అలాస్కాలోని కేంద్రంలో కూడా నమోదైనట్లు తేలింది. అణుశక్తి సంఘం తన ప్రకటనను సవరించుకోవలసి వచ్చింది. అందరికీ అందుబాటులో ఉండి ఎవరూ చదవనిదాన్ని చదివి చెప్పడమే స్టోన్ అమ్మిన సరుకు.

మన దగ్గర చందా చరిత్ర ఇంకొక పాఠం చెబుతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయి నుంచి ఆంధ్ర పత్రికను వారపత్రికగా ప్రారంభించారు. 1914లో మద్రాసు నుంచి అది దినపత్రిక అయింది. ఆయనకు అంతకు ముందే, 1893 నుంచి, అమృతాంజనం వ్యాపారం ఉంది. పత్రిక వెనుక తలనొప్పి మందు నిలబడింది. పాత తెలుగు పత్రికలు తిరగేస్తే చందా బకాయిలు దయచేసి పంపండి అనే విన్నపాలు మీకు తరచూ కనిపిస్తాయి. ముందు పత్రిక పంపి, తరవాత డబ్బు అడిగే పద్ధతి ఎంతమంది సంపాదకుల ఆస్తులు హరించిందో తెలుగు పత్రికా చరిత్ర చదివినవారికి తెలుసు. ఇప్పటి ఈమెయిల్ లేఖలో డబ్బు ముందు, లేఖ తరవాత. ఈ ఒక్క మార్పు రచయితకు ఎంతో మేలు చేసింది. అయితే దీనిలో ఇంకొక ప్రమాదం ఉంది. దాని సంగతి 11.4లో చూద్దాం.

11.2 పాఠకుడు డబ్బు ఎందుకు కడతాడు?

ఇంటర్నెట్ నిండా ఉచితంగా చదువుకోవడానికి కావలసినంత ఉంది. అలాంటప్పుడు ఒక లేఖకు డబ్బు కట్టడానికి కారణం ఉండాలి. ఈ కారణం తేల్చుకోకుండా 'బాగా రాస్తే కడతారు' అనుకోవడం కొత్త రచయితలు చేసే మొదటి పొరపాటు. బాగా రాయడం అవసరమే, కాని అది చాలదు.

స్టోన్ పాఠకులు నమ్మకం వల్ల కట్టారు. వాళ్ల అభిప్రాయాలను గౌరవించే స్వరం ఆ కాలంలో ఇంకెక్కడా పెద్దగా వినిపించలేదు. ఇక బిల్ బిషప్ సంగతి చూడండి. చైనా రాజకీయాలు, ఆర్థిక వ్యవహారాల మీద 'సైనోసిజం' అనే లేఖను ఆయన 2012లో మొదలుపెట్టాడు. బీజింగ్‌లో చాలా ఏళ్లు ఉన్నాడు, చైనీస్ చదవగలడు. అక్కడి పత్రికల్లో ఆ రోజు వచ్చిన ముఖ్యమైన విషయాలను ఏరి, వ్యాఖ్యానం చేర్చి పంపేవాడు. 2017లో క్రిస్ బెస్ట్, హమీష్ మెకెంజీ, జైరాజ్ సేఠీ కలిసి స్థాపించిన సబ్‌స్టాక్ అనే వేదిక మీద మొట్టమొదటి చందా లేఖ ఇదే. దౌత్యవేత్తలు, పెట్టుబడిదారులు, పరిశోధకులు దీన్ని కొన్నది వినోదానికి కాదు. రోజూ తాము వెచ్చించవలసిన గంటల సమయం మిగులుతుందని కొన్నారు. వాళ్లలో చాలామందికి ఆ చందా ఆఫీసు ఖర్చు కింద పోతుంది.

బెన్ థాంప్సన్ నడిపే 'స్ట్రాటెకరీ' కూడా ఇటువంటిదే. టెక్నాలజీ కంపెనీల వ్యాపార వ్యూహాల మీద 2013లో రాయడం మొదలుపెట్టి, 2014లో చందా పెట్టాడు. వారానికి ఒక పెద్ద వ్యాసం అందరికీ ఉచితం, రోజువారీ విశ్లేషణలు చందాదారులకు మాత్రమే. ఈ ఏర్పాటును తరవాత ఎంతోమంది అనుసరించారు. ఉచిత వ్యాసం చేతులు మారుతూ కొత్తవాళ్లను తెస్తుంది. రోజువారీ లేఖ ఉన్నవాళ్లను నిలబెడుతుంది. కొందరు రచయితలు దీన్ని తలకిందులు చేసి, తమ మంచి వ్యాసాలన్నీ చందా తాళం వెనక పెట్టి, మిగిలిన పొట్టు ఉచితంగా పంచుతారు. కొత్త పాఠకుడికి పొట్టు రుచి చూపించి బియ్యం కొనమంటే కొనడు.

పని కోసం కట్టేవారు, నమ్మకంతో కట్టేవారు కాక మూడో రకం ఉంది. రచయిత మీద ఇష్టంతో కట్టేవారు. కథలు, స్వగతాలు, ఊరి జ్ఞాపకాలు రాసేవారికి ఎక్కువగా దొరికేది వీరే. వీరు ఉదారంగా ఉంటారు, కాని సంఖ్యలో తక్కువ, ఇంట్లో ఖర్చులు బిగిస్తే మొదట ఆపేది ఈ చందానే. ఇది వారి తప్పు కాదు. మీ లేఖ ఈ మూడిట్లో దేని మీద నిలబడుతుందో ముందుగా మీకు తెలియాలి, ఎందుకంటే చందా ధర దాన్ని బట్టే ఉంటుంది.

తెలుగులో ఇంకొక చిక్కు ఉంది. మన పాఠకుల్లో చాలామంది ఈమెయిల్‌ను చదవడానికి తెరవరు. బ్యాంకు కబురు, ఓటీపీ, ఉద్యోగ దరఖాస్తు కోసం తెరుస్తారు. చదివేది వాట్సాప్‌లో, చూసేది యూట్యూబ్‌లో. కనుక 'తెలుగువారందరికీ' అనే లేఖ ఈమెయిల్‌లో బతకడం కష్టం. పనిలో భాగంగా రోజూ ఈమెయిల్ తెరిచే తెలుగువారు ఎవరు అని వెతకాలి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, న్యాయవాదులు, అధ్యాపకులు, ఎగుమతిదారులు, విదేశాల్లో ఉన్న కుటుంబాలు. వారికి తెలుగులోనే కావలసినది ఏదో ఒకటి ఉందా? ఉంటే మీకు దారి ఉంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. మీరు గుంటూరులో ఉంటారు. మిర్చి యార్డు మీకు చిన్నప్పటి నుంచి తెలుసు. రోజు ధరలు ఎవరైనా చెబుతారు, వాటిని ఎవరూ కొనరు. కాని ఏ రకానికి ఎందుకు గిరాకీ వచ్చింది, శీతల గిడ్డంగుల్లో సరుకు కదలిక ఎలా ఉంది, విదేశాల్లో పురుగుమందుల అవశేషాల నిబంధనలు ఏం మారాయి, వాటి ప్రభావం ఏ సరుకు మీద పడుతుంది అని వారానికి ఒకసారి శుభ్రమైన తెలుగులో, తప్పు లేకుండా రాస్తే? దానికి లక్ష మంది పాఠకులు ఉండరు. మూడు వందల మంది ఉండవచ్చు. ఆ మూడు వందల మందికి మాత్రం ఒక్క తప్పు నిర్ణయం తప్పినా ఏడాది చందా తిరిగి వచ్చినట్లే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. స్టోన్ తన మొదటి చందాదారులను ఎలా సంపాదించాడు? ఇప్పటి రచయితకు దానికి సమానమైన పని ఏది?
2. మీరు ప్రస్తుతం డబ్బు కట్టి చదువుతున్నది ఏదైనా ఉంటే, పై మూడు కారణాల్లో దేనివల్ల కడుతున్నారో రాయండి.

11.3 లెక్క

2008లో కెవిన్ కెల్లీ అనే అమెరికన్ రచయిత, కళాకారుడికి కోట్ల మంది అభిమానులు అక్కరలేదని, వెయ్యి మంది నిజమైన అభిమానులు చాలని ఒక వ్యాసం రాశాడు. ఒక్కొక్కరి నుంచి సంవత్సరానికి 100 డాలర్లు మిగిలితే లక్ష డాలర్లు. ఈ మాట ఎంతోమందికి ధైర్యం ఇచ్చింది. మన రూపాయల్లో వేసి చూద్దాం.

సంవత్సర చందా 600 రూపాయలు, చందాదారులు 1,000 మంది అనుకుందాం. వచ్చేది 6,00,000. సబ్‌స్టాక్ లాంటి వేదిక 10 శాతం తీసుకుంటుంది, అంటే 60,000. చెల్లింపు సంస్థ రుసుము 3 శాతం అనుకుంటే 18,000. మిగిలేది 5,22,000. నెలకు 43,500. జిల్లా కేంద్రంలో ఉండే మనిషికి ఇది జీవనమే. హైదరాబాదులో అద్దె కట్టి, పిల్లల ఫీజులు కట్టేవారికి ఇరుకు.

ఆ వెయ్యి మంది ఎలా వస్తారు? ఉచితంగా చదివేవారిలో నూటికి ముగ్గురు చందా కడతారనుకుంటే, వెయ్యి మందికి 33,000 పైగా ఉచిత పాఠకులు కావాలి. నూటికి అయిదుగురు అయితే 20,000. ఇక్కడితో చాలామంది లెక్క ఆపేస్తారు. అసలు సంగతి దీని తరవాతే ఉంది, కాస్త నిదానంగా చదవండి.

చందాదారులు వస్తారు, పోతారు. నెలకు 4 శాతం మంది మానేస్తున్నారనుకోండి. నూటికి నలుగురే కదా అనిపిస్తుంది. కొత్తవారు ఎవరూ చేరకపోతే వెయ్యి మందిలో ఏడాది చివరికి మిగిలేది సుమారు 613 మంది. అదే మానేసేవారు 2 శాతం అయితే 785 మంది మిగులుతారు. వెయ్యి సంఖ్య కదలకుండా ఉండాలంటే, 4 శాతం లెక్కన ప్రతి నెలా 40 మంది కొత్త చందాదారులు కావాలి. నూటికి ముగ్గురి లెక్కన ఆ 40 మంది కోసం ప్రతి నెలా 1,300 మందికి పైగా కొత్త ఉచిత పాఠకులు చేరాలి. ఇది ఒక్క మెట్టు పైకి ఎక్కడానికి కాదు, ఉన్నచోట ఉండడానికి. సగం రంధ్రం పూడ్చితే సగం నీళ్లు మోస్తే చాలు. అందువల్ల కొత్తవారిని తేవడం కంటే ఉన్నవారు మానకుండా చూసుకోవడం చవకైన పని.

ఇప్పుడు గుంటూరు లేఖ లెక్క చూడండి. 300 మంది, సంవత్సరానికి 2,400 రూపాయలు. వచ్చేది 7,20,000. వెయ్యి మంది లేఖ కంటే ఎక్కువ. పైగా 300 మంది పేర్లు మీకు గుర్తుంటాయి. ఎవరు చదవడం మానేశారో తెలుస్తుంది, ఫోన్ చేసి అడగవచ్చు. ఈ పాఠం రాసిన వారి అభిప్రాయంలో తెలుగు వంటి భాషలో మొదటి లేఖకు ఈ రెండో దారే మంచిది. తక్కువ ధర పెడితే ఎక్కువమంది వస్తారనే ఆశ మనకు సహజం, కాని నెలకు 50 రూపాయలు కట్టించడానికి పడే శ్రమ, 200 కట్టించడానికి పడే శ్రమ ఇంచుమించు ఒకటే. ఫోన్ తీసి, పిన్ నొక్కేలా చేయడమే కష్టం. ఆ తరవాత అంకె ఎంతయినా వేలికి పని అంతే.

11.4 చందా వసూలు, ముందు తీసుకున్న డబ్బు

అమెరికాలో రాసిన సలహాలు ఇక్కడ నేరుగా పనికిరానిది ఈ విషయంలోనే. అక్కడి వేదికలు చాలా వరకు స్ట్రైప్ అనే చెల్లింపు సంస్థ మీద నడుస్తాయి. మన దేశంలో కొత్తవారికి ఆ ఖాతా అంత సులువుగా దొరకదు. కనుక ఏ వేదికలోనైనా లేఖ మొదలుపెట్టే ముందే డబ్బు మీ బ్యాంకుకు ఎలా చేరుతుందో తేల్చుకోండి. రెండేళ్లు ఉచితంగా రాసి, చందా పెట్టబోయే రోజున ఆ వేదిక మనకు డబ్బు ఇవ్వలేదని తెలుసుకోవడం చాలా బాధాకరం.

రెండో చిక్కు నెలనెలా తనంతట తాను కోత పడే చందా. రిజర్వు బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి పూర్తిగా అమలయ్యాయి. కార్డు నుంచి పదేపదే డబ్బు తీసుకోవాలంటే ఖాతాదారు మొదట ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాలి. ప్రతి కోతకు కనీసం 24 గంటల ముందు కబురు వెళ్లాలి. అదనపు ధ్రువీకరణ లేకుండా తీసుకోగల పరిమితి మొదట 5,000 రూపాయలు, 2022 జూన్‌లో దాన్ని 15,000 చేశారు. ఇది ఖాతాదారుకు మంచి రక్షణ. రచయిత వైపు నుంచి చూస్తే, నెల చందా అంటే ఏడాదికి పన్నెండుసార్లు 'రేపు మీ డబ్బు తీసుకుంటున్నాం' అని గుర్తు చేయడం. పన్నెండుసార్లు మానేసే అవకాశం. యూపీఐ ఆటోపే 2020 నుంచి ఉంది, దానిలోనూ ముందస్తు కబురు తప్పదు.

అందువల్ల చిన్న లేఖకు సంవత్సర చందా మేలు. మూడు వందల మంది అయితే గేట్‌వే సంస్థ ఇచ్చే చెల్లింపు లింకు, ఒక ఎక్సెల్ పట్టిక చాలు. బ్యాంకు ఖాతా నుంచి జరిగే యూపీఐ చెల్లింపుకు 2020 జనవరి నుంచి వ్యాపారి రుసుము లేదు, అయితే గేట్‌వే సంస్థ తన సేవకు వేరుగా తీసుకోవచ్చు. ఎవరి గడువు ఎప్పుడు ముగుస్తుందో పట్టికలో రాసుకుని, పదిహేను రోజుల ముందు పేరుపేరునా ఉత్తరం రాయండి. ఎస్తర్ స్టోన్ చేసిన పని ఇదే.

ఇక ముందు చెప్పిన ప్రమాదం. ఏప్రిల్‌లో 300 మంది 1,200 చొప్పున కట్టారనుకోండి. మీ ఖాతాలో 3,60,000 పడింది. అది మీ సంపాదన కాదు. మీరు ఇంకా రాయని పన్నెండు నెలల లేఖలకు పాఠకులు ఇచ్చిన బయానా. నెల గడిచి, లేఖలు పంపాక 30,000 మీదవుతుంది. ఈ సంగతి మరిచి, మొత్తం డబ్బుతో ల్యాప్‌టాప్, అప్పులు, చెల్లెలి పెళ్లి ఖర్చు తీర్చినవారు ఆగస్టులో జ్వరపడితే ఏమవుతుంది? తిరిగి ఇవ్వడానికి డబ్బు లేదు, రాయడానికి ఓపిక లేదు. ఊళ్లో ముఖం చూపలేని పరిస్థితి. వేరే బ్యాంకు ఖాతా తెరిచి, నెలకు పన్నెండో వంతు మాత్రమే ఇంటి ఖర్చుకు మార్చుకోండి. ఈ ఒక్క అలవాటు లేకపోతే లేఖ ఎంత బాగున్నా పెట్టవద్దని మా సలహా.

పన్నుల విషయం క్లుప్తంగా. చందా ఆదాయం ఆదాయపు పన్ను లెక్కలో చూపాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ సేవల మీద వార్షిక రాబడి 20 లక్షలు దాటితే జీఎస్‌టీ నమోదు తప్పనిసరి. విదేశాల నుంచి చందాలు వస్తే ఒకసారి చార్టర్డ్ అకౌంటెంటును కలవండి. ఆ ఫీజు వృథా కాదు.

11.5 లేఖ చేరడం

రాసిన లేఖ పాఠకుడి ఇన్‌బాక్స్‌కు చేరకుండా స్పామ్‌లో పడితే మిగతా శ్రమంతా వృథా. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్ద సంఖ్యలో పంపేవారికి నిబంధనలు బిగించాయి. పంపేవారి డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అనే గుర్తింపు ఏర్పాట్లు ఉండాలి. ఒక్క నొక్కుతో చందా రద్దు చేసుకునే వీలు ఉండాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అంటే వెయ్యి మందిలో ముగ్గురు 'ఇది స్పామ్' అని నొక్కినా ముప్పే. జీమెయిల్ పెద్ద సంఖ్య అంటున్నది రోజుకు 5,000 లేఖలను. మీది చిన్న జాబితాయే కావచ్చు, కాని మొదటి నుంచీ ఇదే పద్ధతిలో ఉండడం మంచిది. సొంత డొమైన్ కొనుక్కోండి. వేదిక మారినా చిరునామా మారదు.

ఇందుకే జాబితాలు కొనడం, పెళ్లి వాట్సాప్ గ్రూపులో దొరికిన మెయిళ్లన్నీ చేర్చేయడం పనికిరాదు. అడగకుండా వచ్చిన లేఖను మన మేనమామ కూడా మొహమాటం లేకుండా స్పామ్‌లో వేస్తాడు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా స్పష్టమైన సమ్మతి కావాలంటుంది. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కు తీసుకోవడం అంత సులువుగా ఉండాలంటుంది.

తెలుగు లేఖకు ప్రత్యేకమైన ఒక సాంకేతిక విషయం ఉంది, ఇంగ్లీషు సలహాల్లో ఇది కనిపించదు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటులో ఇముడుతుంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ మూడు బైట్లు తీసుకుంటాయి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలున్నాయి, అంటే 18 బైట్లు. జీమెయిల్ సుమారు 102 కిలోబైట్లు దాటిన లేఖను మధ్యలో కత్తిరించి, మిగతాది చూడడానికి లింకు ఇస్తుంది. 1,500 మాటల ఇంగ్లీషు లేఖ పది కిలోబైట్లలోపే అయితే, అన్నే మాటల తెలుగు లేఖ 35 దాకా వస్తుంది. దానికి రంగుల టెంప్లేట్ల బరువు తోడైతే మీ ముగింపు, చందా లింకు, రద్దు లింకు అన్నీ కత్తెర కిందపడతాయి. రద్దు లింకు కనబడని పాఠకుడు నొక్కేది స్పామ్ బటనే. కనుక అలంకారాలు తగ్గించండి. సాదా లేఖ చాలు.

లేఖ తెరిచినవారి శాతం చూసి మురిసిపోవద్దు. 2021లో ఆపిల్ తన మెయిల్‌లో తెచ్చిన గోప్యత ఏర్పాటు వల్ల, పాఠకుడు తెరవకపోయినా తెరిచినట్లు నమోదు కావచ్చు. అమెరికాలో ఐఫోన్ వాడే పాఠకులు మీకు ఎక్కువగా ఉంటే ఆ అంకె మరీ నమ్మదగినది కాదు. లేఖకు వచ్చిన జవాబులు లెక్కపెట్టండి. ఒక్క వారం లేఖ ఆలస్యమైతే 'ఈ వారం రాలేదేం?' అని ఎంతమంది అడిగారో చూడండి. పదిమంది అడిగితే చందా పెట్టే సమయం దగ్గరపడినట్లు. ఎవరూ అడగకపోతే ఇంకా కాలేదు, ఎన్ని వేల మంది జాబితాలో ఉన్నా సరే.

11.6 పాఠకులు పెరగడం

దీనికి రహస్యాలేమీ లేవు. చేరే పేజీలో ఈ లేఖ ఎవరికి, దేనికి, ఎప్పుడు వస్తుంది అనేది ఒక్క వాక్యంలో ఉండాలి. 'నా ఆలోచనలు, అనుభవాలు' అనే వాక్యం మీ అమ్మగారికి చాలు, ముక్కూమొహం తెలియని పాఠకుడికి చాలదు. చేరిన వెంటనే వెళ్లే మొదటి లేఖలో ఒక ప్రశ్న అడగండి. మీరు ఏ పని చేస్తారు, ఏం తెలుసుకోవాలని చేరారు అని. జవాబు రాసినవారు మానేయడం అరుదు, పైగా వారి జవాబులే మీకు వచ్చే నెల విషయాలు.

మీ పాఠకులు ఇప్పటికే చదివే చోట రాయండి. దినపత్రికలో వ్యాసం అచ్చయితే చివర రచయిత పరిచయంలో లేఖ పేరు ఉండేలా అడగండి. పుస్తకం వేస్తే చివరి పేజీలో క్యూఆర్ కోడ్ అచ్చు వేయండి. సభలో మాట్లాడితే బయట బల్ల మీద చేరేవారి పుస్తకం ఒకటి పెట్టండి. సోషల్ మీడియా అనుచరులు పదివేల మంది ఉండవచ్చు, కాని వారి చిరునామాలు మీ దగ్గర ఉండవు. ఆ సంస్థ రేపు నియమం మారిస్తే మీ మాట వారికి చేరదు. జాబితా మాత్రం మీది, దాన్ని నెలకొకసారి దించుకుని భద్రపరచుకోండి.

పాటించగలిగిన వేళనే ప్రకటించండి. వారానికి మూడని చెప్పి ఒకటి పంపేవారి కంటే, నెలకు రెండని చెప్పి రెండూ పంపేవారి దగ్గర చందాదారులు నిలుస్తారు. సంక్రాంతికి సెలవు కావాలంటే ముందే రాసి తీసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక ఉద్యోగం. ఈ పాఠం చదివేవారిలో చాలామంది ఉద్యోగం చేస్తూనే చదువుతున్నారని మాకు తెలుసు. బిషప్ చందా పెట్టడానికి ముందు అయిదేళ్లపాటు లేఖ పంపాడు. చందాల డబ్బు ఇంటి ఖర్చుకు సరిపోవడం మొదలైన రోజు రాజీనామాకు తగిన రోజు కాదు. మొదటి ఏడాది గడువు ముగిసి, ఎంతమంది తిరిగి కట్టారో చూసిన తరవాత ఆలోచించండి. మొదటిసారి కట్టేవారిలో స్నేహితులు, బంధువులు, మొహమాటపడినవారు ఉంటారు. రెండోసారి కట్టేవారే పాఠకులు.

అభ్యాసం

మీకు బాగా తెలిసిన ఒక రంగాన్ని తీసుకోండి. దాని మీద లేఖ పంపితే చదవగల ఇరవై మంది పేర్లు, వారు రోజూ ఈమెయిల్ తెరుస్తారో లేదో పక్కన రాయండి. వారిలో అయిదుగురితో మాట్లాడి, ఈ విషయం కోసం ఇప్పుడు వారు ఎంత సమయం, ఎంత డబ్బు ఖర్చు చేస్తున్నారో అడగండి. చందా కడతారా అని మాత్రం అడగవద్దు. అడిగితే అందరూ కడతామనే అంటారు. ఆ సమాచారంతో సంవత్సర చందా ఎంత పెట్టవచ్చో నిర్ణయించి, 11.3లోని పద్ధతిలో నెలకు 3 శాతం మంది మానేస్తే ఏడాది చివరికి ఎంతమంది మిగులుతారో, ఇంటి ఖర్చుకు ఎంత వస్తుందో లెక్క కట్టండి. రెండు పుటలకు మించకుండా రాసి, మీ అధ్యయన కేంద్రంలోని కౌన్సిలర్‌కు తరవాతి సంపర్క తరగతిలో ఇవ్వండి.